పేర్లు చదివే వేళ

ప్రసంగం అయిపోయి, కానుక పట్టిన తర్వాత, ఆశీర్వాదానికి ముందు మా గుళ్ళో కొద్ది నిమిషాలు ఒక సడలింపు వస్తుంది. అంతసేపూ చాపల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న ఆడవాళ్ళు కాళ్ళు చాపుకుంటారు. పిల్లలు ఒక ఒళ్ళోంచి ఇంకో ఒళ్ళోకి మారతారు. వెనక బెంచీల మీది మగవాళ్ళు కండువాలు దులుపుకుంటారు. అప్పుడు సెక్రటరీ లేచి పొడుగాటి లెక్కల పుస్తకం తెరిచి “సంఘ ప్రకటనలు” అనగానే ఆ గుడి అంతా మళ్ళీ చెవి ఒగ్గుతుంది. వాక్యానికి కునుకు తీసినవాళ్ళు కూడా ప్రకటనలకు కునకరు. వాక్యం కంటే ఊసులే ఎక్కువయ్యాయా అని కొందరు పెద్దలు నొచ్చుకోవడం నేను విన్నాను. అది అన్యాయమైన ప్రశ్నేమీ కాదు. దానికి నాకు తోచిన జవాబు ఒక్కసారిగా రాలేదు. పంట పోయిన ఒక సంవత్సరంలో, కమిటీలో వచ్చిన ఒక తగువులోంచి కొంచెం కొంచెంగా వచ్చింది.

మాది పల్నాడు. గురజాలకూ మాచర్లకూ నడుమ ఓ పల్లె. 1842 జూలై 31న గుంటూరు చేరిన మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాలకు మకాం మార్చాడు. ఈ పక్క లూథరన్ సంఘాలు తమ కథ అక్కణ్ణించే మొదలుపెడతాయి. 1927లో ఏర్పడిన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంలో మాదొక చిన్న గుడి. రేకుల కప్పు, వేపకొమ్మకు కట్టిన గంట, గోడకు ఒక నల్లబల్ల. పాస్టరు గారు నాలుగైదు ఊళ్ళకు కలిపి ఒక్కరే. ఆయన రాని ఆదివారాల్లో సంఘ పెద్దలే ఆరాధన నడుపుతారు. ఏ ఆదివారం ఎవరు నడిపినా, ప్రకటనలు మాత్రం తప్పవు.

సంవత్సరం పొడుగునా ఆ ప్రకటనలు వింటే మా ఊరి బతుకూ, గుడి బతుకూ ఎలా పెనవేసుకున్నాయో తెలుస్తుంది. క్రిస్మసుకు ముందు నాలుగు ఆదివారాలు ఆగమన కాలం. అప్పటికి పత్తి తీత సాగుతూ ఉంటుంది. క్యారల్స్ ఏ రాత్రి ఏ వీధికో, కంజర్లు ఎవరు తేవాలో, పెట్రోమాక్సు పోయి వచ్చిన చార్జింగు లైటు ఎవరింట్లో ఉందో పుస్తకంలో రాసి చదవాలి. ఆ తర్వాత శ్రమకాలం. ఈస్టరు మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య చంద్రుణ్ణి బట్టి జరుగుతుంది. దానికి 46 రోజుల ముందు వచ్చేది భస్మ బుధవారం. ఆదివారాలు తీసేస్తే 40 రోజులు. అవి సరిగ్గా మా మిరపకోతల రోజులు. ఆ 40 రోజులూ రోజుకో ఇంట్లో ప్రార్థన కూడిక. పట్నాల్లో ఏడింటికి పెట్టుకుంటారేమో, మా దగ్గర ఎనిమిదిన్నరకు ముందు కుదరదు. కోతకు పోయిన ఆడవాళ్ళు ఇంటికి చేరి, మండే చేతులు మజ్జిగలో ముంచి, కొబ్బరినూనె రాసుకుని, నాలుగు మెతుకులు తిని రావాలి. అంత చేసినా ఘాటు పోదు. కీర్తనల పుస్తకం పట్టుకున్న చేత్తో పొరపాటున కన్ను తుడుచుకుంటే అంతే. పిల్లల్ని ఎత్తుకోవాలన్నా మోచేతుల మీదే ఎత్తుకుంటారు. “మంగళవారం రాత్రి ఎనిమిదిన్నరకు చెరువు వీధిలో ఫలానా వారి ఇంట” అని ఇప్పుడు సెక్రటరీగా నేను చదివే ఆ ఒక్క వాక్యంలో ఆ చేతులన్నీ ఉన్నాయి.

మంచి శుక్రవారం మర్నాడు సమాధుల తోట బాగుచేత. పారలు, తట్టలు తెచ్చుకోవలెను, సున్నం సంఘమే ఇచ్చును. ఈస్టరు తెల్లవారుజామున కొవ్వొత్తులతో అక్కడే కూడవలెను. పెళ్ళిళ్ళ కాలం వస్తే వరసగా మూడు ఆదివారాలు వివాహ ప్రకటనలు. ఫలానా వారి కుమారునికీ ఫలానా వారి కుమార్తెకూ వివాహము నిశ్చయమైనది, ఎవరికైనా అభ్యంతరమున్న తెలియజేయవలెను. ఆ మాట చదివి నేను ఒక క్షణం ఆగాలి. ఆ ఆగడం పుస్తకంలో రాసి ఉండదు, పాత సెక్రటరీ గారు నేర్పారు. ఎవరూ లేవరు. ఆ క్షణంలో అక్కడున్న అందరూ ఆ పెళ్ళికి సాక్షులవుతారు. విని ఊరుకోవడం కూడా ఒక పూచీ పడటమేనని నాకు మొదట తెలిసింది ఆ ప్రకటనల దగ్గరే.

హైస్కూల్లో లెక్కలు చెప్పే నాకు ఈ పుస్తకం పాత సెక్రటరీ గారి చేతుల మీదుగా వచ్చింది. చూపు మందగించాక ఆయనే, “అక్షరం గుండ్రంగా రాస్తావు, గొంతు వెనకదాకా వినిపిస్తుంది, ఇంకేం కావాలమ్మా” అని అప్పజెప్పారు. ఆడమనిషి ప్రకటనలు చదవడం మా గుళ్ళో అదే మొదలు. ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఏమీ అనకపోవడానికి వెనక ఆయన ఎన్ని ఇళ్ళు తిరిగి ఉంటారో నాకిప్పుడు అర్థమవుతోంది.

ఇప్పుడు సంఘానికి వాట్సాప్ గ్రూపు కూడా ఉంది. వారం ప్రకటనలు శనివారం రాత్రికే అందులో పడతాయి. మరి ఆదివారం మళ్ళీ చదవడం ఎందుకని నేనే ఒకసారి అనుకున్నాను. ఆ సమయంలోనే నా దగ్గర చదువుకున్న ఒకతను హైదరాబాదు నుంచి ఫోన్ చేశాడు. అక్కడ ఓ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్. ఆదివారం కూడా గేటు వదలడానికి లేదు. “మేడం, ప్రసంగాలు ఫోన్లో బోలెడు దొరుకుతున్నాయి. ఎంత పెద్ద పాస్టర్లవైనా వినొచ్చు. మన గుడి ప్రకటనలు మాత్రం ఎక్కడా దొరకవు. మీరు చదివేటప్పుడు రికార్డు చేసి పంపండి” అన్నాడు. గ్రూపులో ఉన్నాయి కదయ్యా అంటే, “అవి చదివాను. వినాలని ఉంది” అన్నాడు. ఆ వారం నుంచి పంపుతున్నాను. చెరువు వీధిలో ఎవరింట్లో ప్రార్థనో అతనికి ఏం ఉపయోగం? రాలేడు కదా. అయినా ఆ పేర్లు వినడంలో అతనికి ఏదో దొరుకుతోంది. అదేమిటో నాకు అప్పటికి స్పష్టంగా తెలియలేదు.

ఇక కమిటీ తగువు సంగతి.

2021లో సంస్కరణ దినం ఆదివారమే వచ్చింది. ఆ రోజు మా సంఘంలోని ఓ కుర్రాడు మాట్లాడాడు. ఇంజినీరింగు చదివి, కరోనాలో ఉద్యోగం పోయి ఊరొచ్చి, పిల్లలకు ట్యూషన్లు చెబుతూ ఉన్నవాడు. 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథర్ 95 వాదాలు బయటపెట్టాడని మనందరం చిన్నప్పటినుంచీ వింటాం. విట్టెన్‌బర్గ్ గుడి తలుపుకు మేకులతో కొట్టాడన్న మాట మీద చరిత్రకారులకు భేదాభిప్రాయాలున్నాయి గానీ, ఆ రోజే ఆర్చిబిషప్పుకు రాసి పంపాడన్నది మాత్రం ఖాయం. ఆ కుర్రాడు తలుపూ మేకుల గురించి కాక, ఆ కాగితంలో ఏముందో చెప్పాడు. డబ్బు కట్టి పత్రం కొనుక్కుంటే పాపానికి పడే శిక్ష తగ్గుతుందని చెప్పి అమ్మే వ్యాపారం మీద తిరుగుబాటు అది. దేవుడి దగ్గర తక్కెడ లేదు, కృప తూకానికి దొరకదు అన్న నమ్మకం మీద నిలబడ్డ గుడి మనది అన్నాడు. అంత సూటిగా చెప్పగలిగిన వాణ్ణి చూసి నాకు ముచ్చటేసింది.

డిసెంబరులో కోత పండుగ ఏర్పాట్ల కోసం కమిటీ కూర్చునేసరికి ఊరి పరిస్థితి తలకిందులైంది. ఆ ఏడు మిరపకు నల్ల తామర పురుగు పడింది. పూతలోకి దూరి పూత రాల్చేసింది. ఏ మందు కొట్టినా లొంగలేదు. కొందరు పైరును దున్నేశారు, కొందరు పశువుల్ని తోలారు. మా సంఘంలో కౌలుకు చేసినవాళ్ళే ఎక్కువ. ఎకరానికి లక్షల్లో పెట్టుబడి పెట్టి చేతులు కాల్చుకున్న ఇళ్ళల్లోకి వెళ్ళి, కోత పండుగకు మీ వంతు ఏమిటని ఎలా అడుగుతాం?

మా దగ్గర కోత పండుగంటే ఎవరికి పండిందాంట్లో వాళ్ళు మొదటి భాగం తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. వడ్ల బస్తా, కందులు, గుమ్మడికాయ, కోడిపుంజు, నిమ్మకాయలు, అరటి గెల. సెక్రటరీ లేచి జాబితా చదువుతాడు. ఫలానా వారు, ఒక బస్తా వడ్లు. ఫలానా వారు, రెండు మానికల పెసలు. తర్వాత అవన్నీ వేలం వేస్తారు. ఒకే గుడ్డును ముగ్గురు పాడుకుని, ముగ్గురూ తిరిగి గుడికే ఇచ్చేస్తే, నాలుగోవాడు ఇంటికి తీసుకుపోవడం కూడా ఉంటుంది.

ఆ కుర్రాడు లేచి, ఈసారి జాబితా చదవొద్దు అన్నాడు. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియనివ్వద్దని ప్రభువు చెప్పిన మాట మత్తయి ఆరో అధ్యాయంలో అందరం చదువుతాం, పండగనాడు మైకులో బస్తాలు లెక్కపెడతాం, ఇదేం న్యాయం అన్నాడు. పైగా ఈ సంవత్సరం.

గది నిశ్శబ్దమైంది. చాలామందికి ఆ మాట నచ్చింది. నాకూ నచ్చింది. అప్పుడు స్త్రీల సమాజం పెద్దావిడ మాట్లాడింది. ఊరంతా పెద్దమ్మ అని పిలిచే ఆవిడకు చదువు రాదు, కీర్తనలు మాత్రం వందకు పైగా నోటికొచ్చు. “దేవుడికి తెలుసులే నాయనా, ఆయనకు చెప్పటానిక్కాదు” అని మొదలుపెట్టింది. “మా అమ్మ బతికినన్నాళ్ళూ ఒకళ్ళ కళ్ళంలో చెంగు పట్టింది. చెంగు పట్టటం ఊరంతా చూసింది. ఆమె పెట్టిన చెయ్యి ఎవురు చూశారు? ఈ గుళ్ళో చదివిన్నాడే చూశారు.”

ఆ కుర్రాడు గౌరవంగానే అడిగాడు. “నిజమే పెద్దమ్మా. మరి ఈ యేడు పెట్టడానికి ఏమీ లేనోళ్ళు? అందరి పేర్లూ వచ్చి వాళ్ళ పేరు రాకపోతే వాళ్ళు తల ఎక్కడ పెట్టుకోవాలి?”

పెద్దమ్మ దగ్గర జవాబు లేదు. ఎవరి దగ్గరా లేదు. వచ్చేవారం మళ్ళీ కూర్చుందామని లేచాం.

ఆ వారమంతా నేను ఈ రెండు మాటల మధ్యే తిరిగాను. ఇద్దరిలో ఒకరు తప్పని తేలితే సులువుగా ఉండేది. కానీ ఇద్దరూ ప్రాణం పెట్టే మాట్లాడారు. పెద్దమ్మ చెప్పింది నేను పుట్టి పెరిగిన వీధి చరిత్ర. మా సంఘంలో చాలామంది తాతముత్తాతలు జీతగాళ్ళు, కూలీలు. మేర గింజల కోసం కళ్ళాల చివర నిలబడ్డవాళ్ళు. ఆసాముల పద్దుల్లో వాళ్ళ పేర్లు అప్పు పక్కనే ఉండేవి, అదీ సగం పేరు. యేసోబు ఏసిగాడయ్యేవాడు, దావీదు దాయిగాడయ్యేవాడు. ఆదివారం గుళ్ళో మాత్రం ఆ పేరు నిండుగా, చివర ‘గారు’తో, నలుగురి ముందూ వినిపించేది. వారానికి ఒకసారైనా ఒక మనిషి తన పేరు పూర్తిగా వినడం చిన్న సంగతా? హైదరాబాదులో గేటు దగ్గర రోజంతా “వాచ్‌మన్” అని మాత్రమే పిలిపించుకునే నా విద్యార్థి ప్రకటనలు వినాలని ఎందుకు అడిగాడో ఇక్కడ నాకు కొంచెం తెలిసింది.

అయితే ఆ కుర్రాడు వేసిన ప్రశ్న అక్కడే ఉంది. పేరు నిలబెట్టే జాబితాయే పేరు లేనివాణ్ణి తల వంచుకునేలా కూడా చేయగలదు. సువార్తల్లో వెతికాను. మార్కు పన్నెండో అధ్యాయంలో ప్రభువు కానుక పెట్టె ఎదుట కూర్చుని ఎవరెంత వేస్తున్నారో చూస్తాడు. బీద విధవరాలు వేసిన రెండు కాసుల సంగతి శిష్యుల్ని పిలిచి మరీ చెబుతాడు. అంటే ఆయన కూడా ప్రకటించాడు. ఎంత వేసిందో చెప్పాడు, పేరు చెప్పలేదు. ఆమెకు వినపడేలా చెప్పినట్టు కూడా లేదు. లెక్కల టీచర్ని కనుక ఆ అమరిక నన్ను పట్టుకుంది. మొత్తం చెప్పి పేరు వదిలేయడం ఒక దారి. పేరు చెప్పి మొత్తం వదిలేయడం ఇంకో దారి. కానీ ఏమీ వేయలేనివారి మాట రెండు దారుల్లోనూ తేలదు.

బీరువాలో పాత ప్రకటనల పుస్తకాలున్నాయి. కొన్ని చెదలు తిన్నవి, కొన్ని అట్టలు ఊడినవి. సాయంత్రాలు అవి ముందు పెట్టుకుని కూర్చున్నాను. కోత పండుగ జాబితాలు మాత్రం వరసగా చూశాను. అందులో మా నేల చరిత్ర కళ్ళముందు కదిలింది. పాతవాటిల్లో అంతా జొన్నలు, సజ్జలు, కందులు, ఆముదాలు. నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలింది 1967 ఆగస్టు 4న. ఆ తర్వాతి పుస్తకాల్లోకి వడ్లు వచ్చాయి. మొదట సోలల్లో, తర్వాత కుంచాల్లో, తర్వాత బస్తాల్లో. జొన్నలు మెల్లగా జాబితా అడుక్కి జారిపోయాయి. ఇంకొన్నాళ్ళకు పత్తి, మిరప. కుంచాలు పోయి కిలోలు వచ్చాయి.

కానీ నన్ను ఆపింది ఇవేవీ కాదు. ప్రతి జాబితాలోనూ ఎక్కడో మధ్యలో, తూకం పక్కన గీత మాత్రమే ఉన్న పేర్లు కనిపించాయి. వాటికెదురుగా గింజలు లేవు, పనులున్నాయి. గుడి అరుగు అలికినవారు. పండుగనాడు నీళ్ళు మోసినవారు. పందిరికి రాత్రి కాపలా పడుకున్నవారు. గంట తాడు పేనినవారు. అవి చివర్లో విడిగా కూడా లేవు. బస్తా వడ్లు ఇచ్చినవారికీ కోడిపుంజు ఇచ్చినవారికీ నడుమ, అదే అక్షరంతో, అదే ‘గారు’తో ఉన్నాయి. ఆ పేర్లు ఏటా మారుతున్నాయి. ఒక ఏడు గంట తాడు పేనినవారు మరుసటి ఏడు రెండు కుంచాల కందులు ఇచ్చారు. కిందటేడు బస్తా ఇచ్చినవారు ఈ ఏడు అరుగు అలికారు.

పుస్తకం పట్టుకుని పాత సెక్రటరీ గారి దగ్గరికి వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఆ పేజీ నాచేత చదివించుకున్నారు. ప్రతి పేరు దగ్గరా ఊఁ కొట్టారు. ఇవి ఎలా వచ్చాయండీ అని అడిగాను.

“పండగ ముందు వారమే జాబితా రాసుకునేవాణ్ణమ్మా” అన్నారు. “రాశాక, అందులో లేని ఇళ్ళు ఏవో చూసుకునేవాణ్ణి. శనివారం సాయంత్రం ఆ ఇళ్ళకు పోయేవాణ్ణి. చందా అడగటానికి కాదు. ఏమయ్యా, గంట తాడు పీలికలైపోయింది, నువ్వు పేనితే నాలుగేళ్ళు ఆగుద్ది, ఓ పూట రారాదా అనేవాణ్ణి. అబద్ధమాడలేదు. తాడు నిజంగా పీలికలే.” కాసేపాగి, “వానలకు నానేది కదమ్మా, తాడు ఎప్పుడూ పీలికలే” అన్నారు.

నేను ఇంటికి వస్తూ ఆలోచించాను. ఆదివారం మైకు ముందు నిలబడి చదవడమే ప్రకటన అని మనం అనుకుంటాం. ఆయన దాన్ని శనివారమే సగం పూర్తిచేసేవారు. జాబితాలో ఎవరు ఉన్నారన్నది కాదు ఆయన చూసింది, ఎవరు లేరన్నది. లేని పేరును ఉన్న పేరుగా మార్చడానికి ఒక పని కావాలి. ఆ పని ఊరికే కల్పించింది అయితే ఆ మనిషి కనిపెట్టేస్తాడు. నిజంగా గుడికి కావలసిన పని అయి ఉండాలి, అది ఆ మనిషికి చేతనైన పని అయి ఉండాలి. అంటే ఎవరికి ఏ పని వచ్చో, ఎవరి ఇంట్లో ఈ ఏడు ఏం జరిగిందో సెక్రటరీకి తెలిసి ఉండాలి. అక్షరం గుండ్రంగా ఉంటే చాలదు. మన గుళ్ళల్లో, సంఘాల్లో, పండుగ కమిటీల్లో ఇచ్చినవారి పేర్లు రాసుకోవడం అందరికీ తెలుసు. ఎవరి ఇంటికి పోయి ఏం అడగాలో తెలిసినవాళ్ళు ఎంతమంది ఉంటారు? నాకు తెలుసా అని నన్ను నేను అడుక్కున్నాను. కొన్ని ఇళ్ళ సంగతి తెలుసు. చాలా ఇళ్ళ సంగతి తెలియదు.

మరుసటి కూడికలో ఆ పేజీ చదివి వినిపించాను. కుర్రాడు పుస్తకం తీసుకుని తనే మళ్ళీ చదువుకున్నాడు. పేర్లు చదువుదాం, పనులు కూడా చదువుదాం, తూకాలు మాత్రం వద్దు అన్నాడు. పెద్దమ్మ పెదవి విరిచింది గానీ అడ్డు చెప్పలేదు. కరోనా మూడో విడత వల్ల సంక్రాంతి తర్వాత జరగాల్సిన పండుగ వెనక్కి పోయి, భస్మ బుధవారానికి ముందు ఆదివారం, ఫిబ్రవరి 27న పెట్టుకున్నాం.

ముందురోజు సాయంత్రం ఇళ్ళకు తిరగడానికి ఆ కుర్రాడే నాతో వచ్చాడు. ఒక ఇంటి ముందు, మేము నోరు తెరవకముందే ఇంటాయన లేచి నిలబడి, “ఈ యేడు ఏం లేదమ్మా” అన్నాడు. మూడెకరాలు కౌలుకు చేసి మిరప పెట్టిన మనిషి. కుర్రాడు అరుగు మీద కూర్చుంటూ, “గింజలకు రాలేదు బాబాయ్. గుడి రేకుకు బలిపీఠం పైనే చిల్లి పడింది. నిచ్చెన పట్టుకోడానికి మేం నలుగురం ఉన్నాం, పైకెక్కి కూర్చుని పని చేయగలిగినోడు లేడు. ఈ ఊళ్ళో రేకుల పని నీకే వచ్చు” అన్నాడు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “వాషర్లు తెచ్చారా” అని అడిగాడు. తేలేదు. తెచ్చి ఉంటే బాగుండేదని ఆయన ముఖం చెప్పింది. ఆయనే కొడుకును దుకాణానికి పంపాడు, డబ్బులు కుర్రాడు ఇచ్చాడు. ఆ రాత్రి టార్చి వెలుగులో చిల్లి మూసుకుంది.

మర్నాడు జాబితా చదివాను. పేర్లన్నీ వీధుల వరసన. గుడి కప్పు బాగుచేసినవారు అని ఆయన పేరు వచ్చినప్పుడు ఆయన తల ఎత్తలేదు. పక్కన కూర్చున్న కొడుకు మాత్రం తండ్రి వైపు చూశాడు. వాళ్ళ పేర్లు నేనిక్కడ రాయడం లేదు. అవి ఆ గుళ్ళో చదవవలసినవి.

ఆ రికార్డు హైదరాబాదు వెళ్ళింది. రెండు రోజులకు ఫోనొచ్చింది. కానుకగా డబ్బు పంపుతానంటాడనుకున్నాను. “నాకూ ఒక పని చెప్పండి మేడం” అన్నాడు. ఊళ్ళో లేని మనిషికి గుడి ఏం పని చెబుతుంది? కమిటీలో పెట్టాం. మంచం పట్టినవాళ్ళ పేర్లు ప్రార్థన కోసం ప్రతి వారం చదువుతాం కదా, ఆదివారం సాయంత్రం వాళ్ళకు ఫోను చేసి పలకరించే పని అతనికి ఇద్దామన్నాడు కుర్రాడు. గేటు దగ్గర కూర్చుని మాట్లాడతాడు. పాత సెక్రటరీ గారితో ఎక్కువసేపు మాట్లాడతాడట. ఇద్దరూ దేని గురించి మాట్లాడుకుంటారో నాకు చెప్పరు.

పండుగ అయిన రోజే, గుడి ఖాళీ అవుతుండగా పెద్దమ్మ నన్ను గుమ్మం దగ్గర ఆపింది. ఆ ఏడు ఆవిడ కుంచం కందులు తెచ్చింది. కూలికి వెళ్ళి తెచ్చుకున్న కందులు. “అమ్మాయ్, నా కందులు ఎన్నో చెప్పలేదేం?” అంది. తూకాలు వద్దనుకున్నాం కదా పెద్దమ్మా అన్నాను. “కుంచం కుంచమే. నా ఒంటి కష్టం అంత. పేరు చెప్పి కష్టం చెప్పకపోతే ఎట్టా?” అంది. ఆ మాటలో గొప్పలు పోవడం ఏ కోశానా లేదు. కొలిచి ఇచ్చినవాళ్ళ ముందు జీవితమంతా చెంగు పట్టిన మనిషి కూతురు, తను కొలిచి ఇచ్చింది వినాలనుకుంటోంది. ఆవిడకు ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచలేదు.

ఈ తగువు ప్రతి ఏడూ కమిటీలోకి వస్తూనే ఉంది. కుర్రాడు తన మాట మీదే ఉన్నాడు, పెద్దమ్మ తన మాట మీదే ఉంది. వచ్చే కోత పండుగకు కూడా నేను రెండు జాబితాలు రాసి తీసుకెళ్తాను, తూకాలు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. ఏది చదవాలో ఆ రోజు కూర్చున్న వాళ్ళంతా కలిసి తేల్చుకుంటాం. రెంటిలోనూ ఒక్క ఇల్లు కూడా తప్పిపోకుండా చూసుకోవాలి. దానికి ముందు శనివారం తిరగాల్సిన ఇళ్ళు చాలా ఉన్నాయి.